ఫైల్ తేదీ తప్పా, మన గడియారం తప్పా?

ఎడిటర్ గారికి,

పాత కంప్యూటర్‌లో ఉన్నవి కొత్తదాంట్లోకి ఎక్కించాక తేదీలన్నీ మారిపోయాయని గోలపెట్టేవాళ్లకి, తేదీలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి వేసుకోమని ఎవరు పడితే వాళ్లు సలహా ఇచ్చేస్తున్నారు. దయచేసి అది చివర్లో చూసుకోండి, ముందు తేడా ఎంత ఉందో చూడండి.

నా ఫైళ్లలో ఒకదాని ప్రాపర్టీస్ తెరిస్తే క్రియేటెడ్ ఈ నెలది, మాడిఫైడ్ 2014ది. పుట్టకముందే దిద్దారన్నమాట! విండోస్‌లో మామూలుగా కాపీ చేస్తే అంతే, కొత్త డిస్కులో ఆ ఫైల్ పుట్టింది ఇవాళే కాబట్టి క్రియేటెడ్ మారుతుంది, మాడిఫైడ్ పాతదే ఉంటుంది. ఫొటోలకైతే డేట్ టేకెన్ చూడాలి, కెమెరా రాసిన ఆ తేదీ ఫొటో లోపలే ఉంటుంది కాబట్టి కాపీ చేసినంత మాత్రాన చెరిగిపోదు. లైనక్స్ వాళ్ల సంగతి వేరే, ఫైళ్లు కాపీ చేసే సీపీ కమాండ్‌కి మైనస్ పీ (cp -p) పెట్టకపోతే మాడిఫైడ్ కూడా ఇవాళ్టిదే అయిపోతుంది.

నన్ను మూడు రోజులు తిప్పలు పెట్టింది మాత్రం ఇది కాదు. పాత కంప్యూటర్‌లో సాయంత్రం ఆరింటికి సేవ్ చేసి మూసేసిన లెక్కల ఫైల్ కొత్తదాంట్లో రాత్రి ఎనిమిదిన్నరకి సేవ్ చేసినట్టు చూపిస్తోంది, పాత ఫైళ్లలో ఏది చూసినా అదే రెండున్నర గంటల తేడా, నిమిషం అటూ ఇటూ లేదు. వైరస్ అనుకుని టెన్షన్ పడ్డాను. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్కులో ఫైళ్లు అమర్చే పద్ధతి) డిస్కులో సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన సమయంలో రాసి ఉంటుంది, మనకి కనపడేది కంప్యూటర్ తన టైమ్ జోన్ ప్రకారం వేసుకున్న లెక్క. కొత్త కంప్యూటర్ వచ్చిన రోజు గడియారం తప్పుగా ఉంటే నేనే చేత్తో సరిచేశాను, జోన్ మాత్రం ఏదో దేశానిది అలాగే వదిలేశాను! జోన్ మార్చి, సమయం ఆటోమేటిక్‌లో పెట్టగానే పాత ఫైళ్లన్నీ వాటంతటవే సర్దుకున్నాయి. తేదీలు దిద్దే సాఫ్ట్‌వేర్ వాడి ఉంటే సరిగ్గా ఉన్నవాటిని చెడగొట్టుకునేవాణ్ని. ఆ మూడు రోజుల్లో కొత్తదాంట్లో రాసుకున్నవి మాత్రం ఇప్పుడు రెండున్నర గంటలు వెనక్కి పోయాయి, అది నా స్వయంకృతం.

పెన్‌డ్రైవ్‌లది ఇంకో తంటా. పెన్‌డ్రైవ్‌లలో ఎక్కువగా కనిపించే ఎఫ్‌ఏటీ32 అనే పద్ధతిలో జోన్ అనే మాటే ఉండదు, ఆ కంప్యూటర్ గడియారంలో ఎంతుంటే అంత రాసేస్తుంది, అదీ మాడిఫైడ్ సమయం రెండేసి సెకన్ల లెక్కన. అందుకే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి ఏమీ మారని ఫైళ్లని కూడా మారాయనుకుని మళ్లీ మొత్తం కాపీ చేస్తుంది. విండోస్‌లోని కాపీ కమాండ్ రోబోకాపీ వాడేవాళ్లు స్లాష్ ఎఫ్ఎఫ్‌టీ (/FFT) అని చేరిస్తే ఆ రెండు సెకన్లని పట్టించుకోదు.

తేడా గంటల్లో కాకుండా ఏళ్లలో ఉండి, ప్లగ్ తీసి పెట్టిన ప్రతిసారీ గడియారం వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, అది మార్పించండి. అప్పటిదాకా కొత్త ఫైళ్లేవీ సేవ్ చేయకండి.

ఒక పాఠకుడు