శాసనం చెప్పిందేదో, రచయిత ఊహించిందేదో పాఠకుడికి తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

చరిత్ర పుస్తకాలపై పాఠకుల అభిప్రాయాలను మీ ఆదివారం సంచికలో వరసగా చదువుతున్నాను. కాకతీయుల మీద, ముఖ్యంగా రుద్రమదేవి మీద వచ్చిన పుస్తకాల గురించి ఇంతమంది రాయడం సంతోషం కలిగించింది. కానీ మెచ్చుకున్నవారిదీ తప్పుపట్టినవారిదీ ఒకటే ధోరణి. ‘నవలలా చదివించింది’ అని మెప్పు, ‘మావాళ్లకు రావలసిన పేరు రాలేదు’ అని ఫిర్యాదు. ఈ సంగతి రచయితకు ఎక్కడ దొరికింది అని అడిగినవారు ఒక్కరూ కనబడలేదు. ఉద్యోగకాలమంతా ఉన్నత పాఠశాల పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పినవాడిగా నాకు ఇది చాలా బాధ కలిగించింది.

రుద్రమ మరణం సంగతే చూడండి. మా జిల్లాలో నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊరుంది. అక్కడి శాసనం 1289 నవంబరు నాటిది. పువ్వుల ముమ్మడి అనే సేవకుడు, కాకతి రుద్రమదేవికీ సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకప్రాప్తి కలగాలని సోమనాథ దేవుడికి భూమి ఇచ్చాడని అందులో ఉంది. అది వెలుగులోకి రాకముందు రుద్రమ పాలన 1295 దాకా సాగిందని రాసేవారు. ఒక సేవకుడు వేయించిన చిన్న రాయి ఒక మహారాణి కాలాన్నే సరిచేసింది. రాణీ సేనానీ ఇద్దరికీ కలిపి దానం చేశారు కాబట్టి వారు యుద్ధంలోనే మరణించి ఉంటారనీ, అప్పటికే ఎదురుతిరిగిన కాయస్థ వంశపు సామంతుడు అంబదేవుడితోనే ఆ యుద్ధం జరిగి ఉంటుందనీ చరిత్రకారులు ఊహించారు. బలమైన ఊహే, నేనూ నమ్ముతాను. అయితే చందుపట్ల రాతి మీద అంబదేవుడి పేరు లేదు. యుద్ధం మాటా లేదు. జనం కోసం రాసే పుస్తకాల్లో మాత్రం ఆ యుద్ధం ఎన్ని రోజులు సాగిందో, రాణి చివరి మాటగా ఏమన్నదో కూడా ఉంటుంది! నవలాకారుడు అలా రాస్తే అది అతడి హక్కు. అట్ట మీద ‘చరిత్ర’ అని వేసుకున్నవారికి ఆ హక్కు లేదు. శాసనంలో ఉన్నది ఇంత, పండితులు ఊహించింది ఇంత అని ఒక్క వాక్యం రాస్తే పుస్తకం విలువ పెరుగుతుందే గాని తగ్గదు.

ఊహలు మారతాయి కాబట్టి కూడా ఆ జాగ్రత్త అవసరం. మోటుపల్లి రేవు సీమ గురించి రాసిన ఇటలీ యాత్రికుడు మార్కో పోలో అక్కడి రాణిని చనిపోయిన రాజుగారి భార్య అన్నాడు. తొలినాటి చరిత్రకారుల్లో కొందరు ఆ మాటనే పట్టుకుని రుద్రమను గణపతిదేవుడి భార్యగా రాశారు. ఆమె ఆయన కూతురని శాసనాలు చదివాకనే తేలింది.

కల్పన మీద పెట్టిన శ్రద్ధ అసలు ఆధారాల మీద లేకపోవడం నన్ను ఇంకా ఎక్కువ నొప్పించే విషయం. గుంటూరు సీమలోని మల్కాపురం శాసనం 1261 నాటిది. గణపతిదేవుడు మాట ఇచ్చిన మందడం గ్రామాన్ని, దానికి తోడు వెలగపూడిని రుద్రమ రాజగురువు విశ్వేశ్వర శివాచార్యుడికి దానం చేసింది. ఈనాడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడే అది. ఆ ఊళ్ల రాబడితో ఆయన గుడి, మఠం, పాఠశాల, అన్నసత్రం నడిపాడు. వాటితో పాటు ఒక ఆరోగ్యశాల, ఒక ప్రసూతిశాల కూడా ఉన్నాయి. ఏడున్నర శతాబ్దాల కిందట కాన్పుల కోసం వేరుగా ఒక శాల, దానికి ఊరి రాబడిలో వాటా! ఆమె పాలన ఎలాంటిదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి కిటికీ ఎక్కడ దొరుకుతుంది? వైద్యులకు ఏమి ఇచ్చేవారు, ఎవరిని చేర్చుకునేవారు, ఆ పద్ధతి ఎంతకాలం సాగింది అని ఎన్ని ప్రశ్నలైనా వేయవచ్చు. నేను చదివిన పుస్తకాల్లో కత్తిసాముకు అధ్యాయాలున్నాయి, ప్రసూతిశాలకు ఒక పేరా దొరకడం గగనం. మీకు రాసిన పాఠకుల్లోనూ దీన్ని ప్రస్తావించినవారు లేరు.

వంశాల గొడవ గురించి ఎక్కువ రాయను. కాకతీయులు చతుర్థ కులస్థులని, అంటే శూద్రులని చెప్పే శాసనాలు పలుచోట్ల ఉన్నాయి. గణపతిదేవుడి మోటుపల్లి శాసనం వారి మూలాన్ని సూర్యవంశం దాకా తీసుకుపోయింది. ఎవరికి కావలసింది వారు ఎత్తి చూపించి రెండోదాన్ని దాచేస్తున్నారు. రెండూ చూపించి, రాజులు తమ వంశాన్ని అలా ఎందుకు చెప్పుకునేవారో వివరించే రచయితను మెచ్చుకోవాలి.

ఆధారాలు చూపిస్తే సామాన్యుడు చదవడని ఒక పాఠకుడు రాశారు. ఇది నేను ఒప్పుకోను. సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వచ్చింది. తెలుగుకు మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం 1955లో దానికే దక్కింది. పూర్వుల తిండి, బట్ట, ఆటలు, నమ్మకాల గురించి ఆయన చెబుతుంటే పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. ఏ కావ్యంలోని ఏ పద్యం వల్ల ఆ సంగతి తెలిసిందో పక్కనే చూపిస్తూ పోతారు. పెద్ద చదువులు లేనివారు కూడా దాన్ని ఇష్టంగా చదివారు. పత్రాలు, పహాణీ నకళ్లు చూడనిదే సెంటు భూమికి బయానా ఇవ్వని మనం చరిత్రకు మాత్రం కాగితాలు అడగకపోవడం ఏమి న్యాయం?

అందువల్ల మీకు నా విన్నపం. మీ పుస్తక సమీక్షల్లో, ఈ రచయిత ఏయే శాసనాలను, గ్రంథాలను ఆధారం చేసుకున్నాడు, పుస్తకంలో వాటి పట్టిక ఉందా, వెనుక అకారాది సూచిక ఉందా అన్న రెండు ముక్కలు తప్పక రాయించండి. పత్రికలు అడిగితే ప్రచురణకర్తలూ దారికి వస్తారు. ప్రజల పన్నుతో నడిచే గ్రంథాలయ సంస్థలు చరిత్ర పుస్తకాలు కొనేటప్పుడు ఇదే చూడాలి. పురావస్తు శాఖ జిల్లాల వారీగా వెలువరించిన శాసన సంపుటాలు ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో చదువరులకు అందుబాటులో ఉండాలి. కొత్త రచయితలకు, ముఖ్యంగా పల్లెల నుంచి రాస్తున్న యువకులకు అవి చేతికందితే ఊహల మీద ఆధారపడవలసిన పని ఉండదు.

ఈ ఉత్తరాల వరస ఇంకా కొన్ని వారాలు సాగుతుందని ప్రకటించారు కదా. వీలైతే ఒక ఆదివారం చందుపట్ల, మల్కాపురం శాసనాల సారాన్ని తెలిసినవారి చేత తేట తెలుగులో రాయించి ఈ ఉత్తరాల పక్కనే అచ్చువేయండి. చందుపట్లది చిన్నదే, ఎక్కువ చోటు పట్టదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నల్గొండ జిల్లా