ఆటకు పంపిందీ మనమే, ఆబ్సెంట్ వేసిందీ మనమే

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర క్రీడా శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను హనుమకొండలో డిగ్రీ పిల్లలకు కామర్స్ చెప్పే లెక్చరర్ని. సాయంత్రం ఆరున్నరకు జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం గ్యాలరీ మెట్ల మీద కూర్చుని, ప్రాక్టీసు ముగించుకుని వచ్చిన పిల్లలకు అకౌంట్స్ చెబుతుంటాను. ఈ పని నాకు ఎవరూ అప్పజెప్పలేదు. ఒకప్పుడు నేనూ యూనివర్సిటీ తరఫున 800 మీటర్లు పరిగెత్తినవాణ్ణి కాబట్టి, ఆ మెట్లు దాటి నేరుగా ఇంటికి పోబుద్ధి కాదు.

పోయిన సీజన్ అయిపోయాక ఒక సాయంత్రం ఖోఖో ఆడే అమ్మాయి ఒకరు నా దగ్గరికి వచ్చింది. బీకాం రెండో సంవత్సరం. నర్సంపేట దగ్గర ఊరు, ఇక్కడ హాస్టల్లో ఉంటుంది. బ్యాగులోంచి రెండు కాగితాలు తీసి మెట్టు మీద పక్కపక్కన పెట్టింది. ఒకటి యూనివర్సిటీ జట్టుకు ఎంపికైనట్టు ఇచ్చిన ఉత్తరం. గుండ్రటి ముద్ర, కింద సంతకం. పది రోజులు కోచింగ్ క్యాంపు, ఆ వెంటనే సౌత్ జోన్ టోర్నమెంటు, ప్రయాణంతో కలిపి ఎనిమిది రోజులు. రెండోది ఆమె చదివే కాలేజీ ఇచ్చిన హాజరు ప్రింటు. మోచేతి మీద గీసుకుపోయిన చోట పసుపు రాసుకుంది. ఆ చేత్తోనే ఒక్కో తేదీ మీద వేలు పెట్టి చూపించింది. క్యాంపు మొదలైన రోజు, ఆబ్సెంట్. వరంగల్ స్టేషన్లో రైలెక్కిన రోజు, ఆబ్సెంట్. క్వార్టర్ ఫైనల్ గెలిచిన రోజు, ఆబ్సెంట్.

"సార్, నేను సరదాకు పోయిన్నా? యూనివర్సిటీ పంపిస్తెనే పోయిన గదా?" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కామర్స్ వాణ్ణి కాబట్టి ముందు లెక్క చెబుతాను. సెమిస్టరుకు 90 పని దినాలు. 75 శాతం హాజరు ఉండాలంటే 68 రోజులు రావాలి, అంటే 22 రోజులు మాత్రమే మానొచ్చు. ఈ అమ్మాయికి క్యాంపు, టోర్నీ కలిపి 18 రోజులు. ఆదివారాలు తీసేస్తే 16. ఇక మిగిలినవి ఆరు. అందులో నాలుగు రోజులు జ్వరం వచ్చి పడుకుంది. పత్తి ఏరడానికి కూలీలు దొరక్క అమ్మకు తోడుగా మూడు రోజులు ఊరికి వెళ్లింది. మొత్తం 23. ఒక్క రోజు తేడాతో 75 శాతం తప్పింది. కండోనేషన్ ఫీజు, అంటే హాజరు తగ్గినందుకు కట్టే రుసుము, కడితేనే హాల్‌టికెట్ అన్నారు. కట్టింది. యూనివర్సిటీ కోసం ఆడినందుకు ఒక పిల్ల జరిమానా కట్టింది సార్, అదీ అమ్మ పత్తి ఏరిన డబ్బులతో.

ఫీజుతో అయిపోతే ఇంత దూరం రాసేవాణ్ణి కాదు. సెమిస్టర్ మధ్యలో కాలేజీలోనే పెట్టే రెండు ఇంటర్నల్ పరీక్షల్లో ఒకటి సరిగ్గా టోర్నీ రోజుల్లోనే జరిగింది. రాయనివాళ్లకు సున్నా. మళ్లీ పెట్టే ఏర్పాటు లేదన్నారు. సెమిస్టర్ పరీక్షలో అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్ కొద్ది మార్కుల్లో పోయింది, ఆ ఇంటర్నల్ మార్కులు ఉంటే గట్టెక్కేది. పైగా స్కాలర్‌షిప్‌కూ, ఫీజు రీయింబర్స్‌మెంటుకూ అదే 75 శాతం హాజరు కావాలి. ఒక్క టోర్నమెంటు, ఇన్ని దెబ్బలు.

ఇది ఒక కాలేజీ తప్పు అని నేను అనడం లేదు. ప్రిన్సిపాల్ మంచివారైతే, ఫిజికల్ డైరెక్టర్ పట్టించుకునేవారైతే ఆ రోజులకు హాజరు వేస్తారు. అలాంటివాళ్లను నేను చూశాను, వాళ్లకు దండం పెట్టాలి. కానీ ఒక పిల్ల చదువు ఆ సంవత్సరం ప్రిన్సిపాల్ గదిలో ఎవరు కూర్చున్నారన్న దాని మీద ఆధారపడకూడదు కదా.

మా రోజుల్లో ఇంత బాధ లేదు. అప్పుడు యాన్యువల్ సిస్టం. యూనివర్సిటీల మధ్య పోటీలు చాలావరకు అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపు జరిగేవి, పరీక్షలేమో మార్చి, ఏప్రిల్‌లో. ఆట అయిపోయాక పుస్తకం పట్టుకోవడానికి నెలన్నర దొరికేది. నేను స్టాటిస్టిక్స్‌లో పూర్తిగా మొద్దును. మీట్ నుంచి తిరిగొచ్చాక మా సార్ ఒకాయన నన్ను కుమార్‌పల్లిలోని వాళ్లింటికి పిలిపించుకుని నలభై రోజులు రోజూ తెల్లవారుజామున కూర్చోబెట్టారు. వాళ్లావిడ పెట్టిన సర్వపిండి తింటూ స్టాండర్డ్ డీవియేషన్ నేర్చుకున్నాను. నేను ఈరోజు లెక్చరర్ని అయ్యానంటే ఆ నలభై రోజుల పుణ్యమే.

2016-17 నుంచి డిగ్రీలో సెమిస్టర్లు వచ్చాయి. సెమిస్టర్ మంచిదే, రోజూ చదవక తప్పదు. కానీ మొదటి, మూడో, అయిదో సెమిస్టర్ల ఇంటర్నల్స్, పరీక్షలు సరిగ్గా ఆటల సీజన్ నెత్తిమీద వచ్చి కూర్చున్నాయి. పరీక్షల క్యాలెండర్ వేసేవాళ్లు ఒకచోట, టోర్నమెంట్ల క్యాలెండర్ వేసేవాళ్లు ఇంకోచోట. రెండు క్యాలెండర్లనూ ఒక బల్ల మీద పెట్టి చూసినవాళ్లు ఎవరూ లేరు. నష్టపోతోంది మాత్రం ఆ రెంటి మధ్య ఇరుక్కున్న పిల్లలు.

"ఆటగాళ్లకు చదువెక్కదు" అని స్టాఫ్ రూముల్లో చాలా తేలిగ్గా అనేస్తారు. నాకు ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. తెల్లవారి ఐదింటికి గ్రౌండులో ఉండి, ఎనిమిదింటికి హాస్టల్‌కు పరిగెత్తి, తొమ్మిదిన్నరకు క్లాసులో కూర్చుని, నాలుగింటికి మళ్లీ గ్రౌండుకు వచ్చే పిల్లకు క్రమశిక్షణ లేదని ఎవరైనా అనగలరా? రెండో పీరియడ్‌లో కునికిపాట్లు పడుతుంది, నిజమే. అది బద్ధకం కాదు, అలసట. చేజింగ్‌లో ఎదుటి రన్నర్ ఎటు తిరుగుతుందో అరక్షణంలో పసిగట్టే బుర్రకు డెబిట్, క్రెడిట్ ఎక్కకపోవడమేమిటి? ఎక్కించే సమయం మనం ఇవ్వడం లేదు, అంతే.

మనకు గర్వపడే పిల్లలు ఉన్నారు. పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో, 2023లో వరుసగా ప్రపంచ చాంపియన్ అయింది. దీప్తికి ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. నిఖత్‌ను డీఎస్పీని చేసింది. చేయాల్సిందే, అది వాళ్ల కష్టం. కానీ ఆ మెట్టు దాకా వెళ్లేది ఎందరు? యూనివర్సిటీ జెర్సీ వేసుకున్న వందల మందిలో ప్రపంచ పతకం దాకా పోయేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లకు ఆట ఇరవై నాలుగు, ఇరవై ఐదేళ్లకు అయిపోతుంది. ఆ తర్వాత చేతిలో ఉండాల్సింది డిగ్రీ పట్టా.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం రిజర్వేషన్ ఉంది. చాలా సంతోషం. కానీ గ్రూప్స్ రాయాలన్నా, ఎస్సై ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా డిగ్రీ అడుగుతారు. రైల్వే స్పోర్ట్స్ కోటాలో జీతం లెవెల్ 2, 3 ఉన్న ఉద్యోగాలకు ఇంటర్ చాలు, లెవెల్ 4, 5కు డిగ్రీ కావాలి. ఆటల టీచర్ కావాలని బీపీఎడ్‌లో చేరాలన్నా ముందు డిగ్రీ పాసవ్వాలి. అంటే పాసవ్వకుండా మిగిలిపోయిన ఆ ఒక్క అకౌంటింగ్ పేపరు, ఆ బ్యాక్‌లాగ్, ఆ ఖోఖో అమ్మాయి జీతాన్ని రిటైరయ్యే దాకా తగ్గించగలదు. కోటా అనే తలుపు తెరిచిపెట్టి, గడప దగ్గర బ్యాక్‌లాగ్ అడ్డం పెట్టినట్టుంది.

ఇప్పుడు అసలు మాట. మాకు గ్రేస్ మార్కులు వద్దు సార్. ఆటగాళ్లు కదా అని పాస్ చేసేయమని నేను అడగడం లేదు. అలా చేస్తే ఏమవుతుందో అమెరికాలో చూశారు. అక్కడ నార్త్ కరోలినా యూనివర్సిటీలో 1993 నుంచి 2011 దాకా క్లాసులే జరగని కోర్సులు నడిచాయి. చివర్లో ఒక వ్యాసం ఇస్తే మంచి గ్రేడు వేసేవాళ్లు. 2014లో బయటికొచ్చిన విచారణ నివేదిక ప్రకారం 3,100 మంది విద్యార్థులు అలాంటి కోర్సుల్లో ఉన్నారు, వాళ్లలో దాదాపు సగం మంది ఆటగాళ్లు. వాళ్లకు పట్టా వచ్చింది, చదువు రాలేదు. అంతకన్నా మోసం ఉంటుందా?

అదే దేశంలో మనం నేర్చుకోదగ్గదీ ఉంది. అక్కడ కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ, సీజన్లో ఆటకు వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలు మించకూడదని, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని నియమం పెట్టింది. ఆటగాళ్ల చదువును జట్టు బాధ్యత చేసింది. ఆటగాడు కాలేజీలో కొనసాగితే జట్టుకు ఒక పాయింటు, చదువులో అర్హత నిలుపుకుంటే ఇంకో పాయింటు. ఆ లెక్క గీత కిందికి పోతే జట్టుకే శిక్ష. 2011లో జాతీయ చాంపియన్ అయిన కనెక్టికట్ యూనివర్సిటీ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టును 2013 సీజన్ ముగింపు టోర్నీకి రానివ్వలేదు, కారణం చదువులో వెనకబడటం. వాళ్ల డబ్బు, వాళ్ల పద్ధతులు మనకు లేవు. కానీ పిల్లవాడు ఫెయిలైతే కోచ్ కూడా జవాబు చెప్పాలనే మాటకు డబ్బు అక్కర్లేదు.

అంత దూరం ఎందుకు, మన దేశంలోనే ఉదాహరణ ఉంది. 2018లో కామన్వెల్త్ క్రీడల్లో పదిహేనేళ్ల షూటర్ అనీష్ భన్వాలా బంగారు పతకం గెలిచాడు. అప్పుడతను పదో తరగతి. బోర్డు పరీక్షలు అడ్డం వస్తే సీబీఎస్ఈ అతనికి వేరే తేదీల్లో పరీక్ష పెట్టింది. పదో తరగతి పిల్లవాడికి ఒక బోర్డు చేయగలిగింది, డిగ్రీ పిల్లలకు మన యూనివర్సిటీలు చేయలేవా?

నేను అడిగేది ఇదే. యూనివర్సిటీ గానీ రాష్ట్రం గానీ జట్టుకు ఎంపిక చేసి పంపిన రోజులు, క్యాంపు రోజులతో సహా, హాజరుగా లెక్క కావాలి. ఎవరి దయ మీదా కాకుండా, ఎంపిక ఉత్తరం ఇచ్చిన రోజే ఆ తేదీలు నేరుగా కాలేజీకీ స్కాలర్‌షిప్ విభాగానికీ వెళ్లాలి. టోర్నీ వల్ల తప్పిన ఇంటర్నల్ గానీ సెమిస్టర్ పరీక్ష గానీ తిరిగొచ్చిన నెల రోజుల్లో మళ్లీ పెట్టాలి. ప్రశ్నపత్రం అంతే కష్టంగా ఉండనివ్వండి, మా పిల్లలు రాస్తారు. పరీక్షలకు ముందు రెండు వారాలు ప్రాక్టీసు ఒక్క పూటకే పరిమితం చేయమని కోచ్‌లకు చెప్పండి.

ఇంకొకటి అడగాలి. ఆటల కోటాలో డిగ్రీలో చేరినవాళ్లెందరు, మూడేళ్లలో పట్టా తీసుకున్నవాళ్లెందరు? ఈ లెక్క ప్రతి యూనివర్సిటీ ఏటా బయటపెట్టాలి. పతకాల పట్టిక పక్కనే ఈ పట్టిక కూడా ఉండాలి.

మా వైపు తప్పులు దాచను. ఆట పేరు చెప్పి క్లాసు ఎగ్గొట్టి సినిమాకు పోయే పిల్లలూ ఉన్నారు, ఆ రోజులకు ఆబ్సెంట్ వేయాల్సిందే. "నువ్వు ఆడు, పరీక్ష సంగతి నేను చూస్కుంటా" అని పిల్లలను మభ్యపెట్టే పెద్దలూ ఉన్నారు, ఆ మాట నమ్మి మూడేళ్ల తర్వాత ఎనిమిది బ్యాక్‌లాగ్‌లతో నా దగ్గరికి వచ్చిన కబడ్డీ పిల్లవాడు నాకు తెలుసు. ఇప్పుడు అతను హంటర్ రోడ్డులో డెలివరీలు చేస్తున్నాడు. పని చిన్నదని కాదు. చదువు వద్దని అతను అనుకోలేదు, మనమే అతని చదువును చేజార్చాం.

ఇది విద్యాశాఖ పని కదా అని మీకు అనిపించవచ్చు. నిజమే, హాజరు, పరీక్షలు వాళ్ల చేతిలో ఉన్నాయి. అందుకే మీరు అడగాలి. 2025లో రాష్ట్రానికి కొత్త క్రీడా విధానం తెచ్చుకున్నాం. ఇదే స్టేడియంలో 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరుపుకున్నాం. 2025 జనవరిలో ఖోఖో ప్రపంచ కప్ మన దేశమే రెండు విభాగాల్లోనూ గెలిచింది, ఆ రోజు ఈ మెట్ల మీద పిల్లలు ఫోన్లో ఫైనల్ చూసి ఎగిరి గంతులేశారు. ట్రాకులు, మ్యాట్లు, కోచ్‌లు అడిగే ఉత్తరాలు మీకు రోజూ వస్తుంటాయి. నేను అడిగేది గ్యాలరీ కింద ఒక గది, నాలుగు బల్లలు, రెండు ట్యూబ్‌లైట్లు, సాయంత్రం రెండు గంటలు వచ్చి కూర్చునే ఇద్దరు లెక్చరర్లు. ఒక లెక్చరర్ కోసం వెతకక్కర్లేదు, నేను వస్తాను. ఇప్పుడు చీకటి పడితే ఫోన్ టార్చ్ వెలుగులో జర్నల్ ఎంట్రీలు రాయిస్తున్నాను, వానొస్తే అదీ లేదు.

ఆ అమ్మాయి ఈసారి కూడా ఎంపికలకు వెళ్తోంది. బ్యాక్‌లాగ్ పరీక్షకు ఫీజు కట్టింది. క్యాంపు తేదీలు ఇంకా రాలేదు, పరీక్ష టైంటేబులూ ఇంకా రాలేదు. రెండూ ఒకే వారంలో పడతాయేమోనని ఆమెకు టెన్షన్, నాకూ టెన్షన్. ఆ రెండు తేదీలూ వేసేవాళ్లతో మీరు ఈ నెలలోనే ఒకసారి మాట్లాడితే చాలు సార్, ఇప్పటికైతే.

భవదీయుడు,
ఒక కామర్స్ లెక్చరర్,
హనుమకొండ