ఊరు మారేవాళ్లు మే నెలలో చూసి రావాలి

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ, గుంటూరుల్లో అద్దెలూ రద్దీ పడలేక పిల్లలతో తెనాలి, బాపట్ల, గుడివాడ, నూజివీడు, సత్తెనపల్లి లాంటి ఊళ్లకు మారిపోదామనుకునే కుటుంబాలు చాలానే ఉన్నాయి. మంచి ఆలోచనే. అయితే ఎక్కువమంది సంక్రాంతి సెలవుల్లో వెళ్లి చూసుకుని అడ్వాన్సు ఇచ్చి వస్తారు. జనవరిలో డెల్టాలో ఏ ఊరైనా బాగానే కనిపిస్తుంది. ఊరి సంగతి తెలియాలంటే మే రెండో వారంలో వెళ్లాలి.

కృష్ణా డెల్టాలో చాలా పట్టణాలు తాగేది ప్రకాశం బ్యారేజీ కాలవల నీళ్లే. ఏప్రిల్‌లో కాలవలు కట్టేశాక, జూన్‌లో మళ్లీ వదిలేదాకా మంచినీళ్ల చెరువులో నింపుకున్నదే ఆధారం. ఎండాకాలం ఆ చెరువులో రోజుకు సుమారు ఆరేడు మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోతుంది. మట్టం తగ్గి, నాచు పెరిగి, నీళ్లు వడకట్టే ఇసుక ఫిల్టరు బెడ్లు మాటిమాటికీ పూడుకుపోతాయి. సరఫరా రోజు విడిచి రోజుకు పడుతుంది. మునిసిపల్ ఆఫీసులో ఇంజినీరింగ్ సెక్షన్‌కు వెళ్లి అడగండి: చెరువు నిండితే ఎన్ని రోజులకు వస్తుంది? పోయిన మే నెలలో రోజూ ఇచ్చారా? మేం చూసుకున్న వీధి పైపులైను చివర్న ఉందా?

రోజు విడిచి రోజు నీళ్లొస్తే బిందెలు పట్టి పెట్టుకోవచ్చు, ఆ కష్టం అంతటితో పోతుంది. భయపడాల్సింది వేరే ఉంది. సరఫరా ఆగిన గంటల్లో పైపు ఖాళీ అవుతుంది. జాయింటు కారే చోట పక్కనున్న మురుగు లోపలికి చేరుతుంది. కుళాయికి నేరుగా మోటార్లు బిగించిన వీధిలో ఇది మరీ ఎక్కువ. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో డయేరియా ప్రాణాలు తీసింది తాగునీటిలో మురుగు కలిసే. అందుకని ఇల్లు చూడ్డానికి నీళ్లు వదిలే వేళకే వెళ్లండి. మొదటి అయిదు నిమిషాల నీళ్లు నల్లగానో వాసనగానో వస్తే ఆ ఇల్లు వదిలేయండి. వార్డు సచివాలయం సిబ్బందిని క్లోరోస్కోప్‌తో (నీళ్లలో క్లోరిన్ ఎంతుందో చూసే చిన్న కిట్) చూపించమనండి. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. మందు చుక్కలు వేశాక పసుపు రంగు రాకపోతే క్లోరిన్ లేనట్టే. పరీక్షించిన నీళ్లు పారబోయాలి.

బోరు నీళ్లయితే తీరం వైపు బందరు, రేపల్లెల్లో ఉప్పు, పల్నాడు మెట్టలో కొన్నిచోట్ల ఫ్లోరైడ్. పప్పు ఉడక్కపోయినా, సబ్బు నురగ రాకపోయినా కఠిన జలమని ఇంట్లోనే తెలిసిపోతుంది. ఫ్లోరైడ్‌కు రుచీ లేదు, వాసనా లేదు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో (గాజుది పనికిరాదు) లీటరు నీళ్లు పట్టి ల్యాబుకు పంపాల్సిందే. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది. ఒకటిన్నర దాటితే ఆ నీళ్లు పిల్లలకు ఇవ్వకూడదు. ఎనిమిదేళ్ల లోపు తాగిన ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద పడే మచ్చలు జీవితాంతం పోవు. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది.

తర్వాత చూడాల్సింది పిల్లల డాక్టరు. బోర్డు ఉంటే చాలదు. సాయంత్రం వచ్చి చూసి రాత్రికి గుంటూరో విజయవాడో వెళ్లిపోయే డాక్టర్లుంటారు. రాత్రి పదకొండింటికి ఆయాసంతో బిడ్డను తీసుకెళ్తే నెబ్యులైజరు, ఆక్సిజన్ ఎక్కడ దొరుకుతాయో ఊళ్లో మందుల షాపువాళ్లను అడిగితే ఉన్నదున్నట్టు చెబుతారు. పొలాల పక్క లేఅవుటులో ఇల్లయితే ప్రభుత్వాసుపత్రిలో పాముకాటు మందు ఉందో లేదో కనుక్కోండి. దారిలో రైల్వే గేటుంటే ఆ ఆలస్యం కూడా లెక్కలో వేసుకోవాలి. ఉబ్బసం ఉన్న పిల్లలైతే రైస్ మిల్లు ఊక బూడిద, పిడుగురాళ్ల సున్నం బట్టీల పొగ పడే వైపు ఇల్లు తీసుకోవద్దు.

బడి విషయంలో ఫలితాల ఫ్లెక్సీ కంటే కాగితాలు ముఖ్యం. కొన్నిచోట్ల పిల్లలు కూర్చునేది ఒక భవనంలో, పేరు నమోదయ్యేది గుర్తింపు ఉన్న మరో బ్రాంచిలో. అప్పుడు టీసీ, స్టడీ సర్టిఫికెట్ వేరే ఊరి నుంచి వస్తాయి. ఉద్యోగాలకూ ప్రవేశాలకూ స్థానికత తేల్చేది ఆ సర్టిఫికెట్లే. యూడైస్ కోడ్ (ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే నంబరు) అడిగి, ఆ చిరునామాదేనో కాదో సరిచూసుకోండి. పదో తరగతిలో బడి మార్చడం చాలా కష్టం, మారేదేదో ఎనిమిది పూర్తవగానే మారాలి.

ఆరో తరగతిలో నవోదయ విద్యాలయం (కేంద్ర ప్రభుత్వ గురుకులం) సీటు ఆశ ఉన్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. అక్కడ కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకు. మూడు, నాలుగు, అయిదు తరగతులు పూర్తిగా గ్రామీణ బడిలో చదివితేనే ఆ కోటా వర్తిస్తుంది. ఒక్కరోజు పట్టణ బడిలో చదివినా పట్టణం కిందే లెక్క. మునిసిపాలిటీ ఎంత చిన్నదైనా పట్టణమే. ఊరు మారేది ఇందుకోసమే అయితే మూడో తరగతి మొదలయ్యే నాటికే పంచాయతీ పరిధిలోని బడిలో చేర్చాలి. అయిదో తరగతి చదివే జిల్లాలోనే పరీక్ష రాయాలి. 2022 విభజనలో నూజివీడు ఏలూరు జిల్లాలోకి, సత్తెనపల్లి పల్నాడులోకి వెళ్లాయి కనుక ఏ విద్యాలయం కిందికి వస్తారో ముందే అడిగి తెలుసుకోవాలి.

వీలైతే సెప్టెంబరు వానల్లో ఇంకోసారి వెళ్లి వీధి చూడండి. 2024లో బుడమేరు నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో విజయవాడ సింగ్‌నగర్ గోడలు చూసినవాళ్లకు వివరించక్కర్లేదు.

తమ పత్రికకు ఒక విన్నపం. ఏప్రిల్‌లో కాలవలు కట్టేసిన నాటి నుంచి జూన్ దాకా, వారానికోసారి ప్రతి మునిసిపాలిటీ మంచినీళ్ల చెరువులో ఎన్ని రోజుల నీరు మిగిలిందో, ఆ వారం కుళాయి నీటి పరీక్షలో ఏం తేలిందో జిల్లా పేజీలో వేయండి. ఆ లెక్కలు మునిసిపల్ ఇంజినీర్ల దగ్గర ఉంటాయి, అడిగితే ఇస్తారు.

– విశ్రాంత ప్రజారోగ్య ఇంజినీరు, బ్రాడీపేట, గుంటూరు