నెలకోసారి 260 కిలోమీటర్లు: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో టీచరును. మా బడిలో చదివే ఒక పిల్ల గురించి మీకు చెప్పుకోవాలని రాస్తున్నాను.

పోయినేడాది ఒక పొద్దున ప్రార్థనలో నిలబడి ఉండగానే ఆ పిల్ల కింద పడి గిలగిలా కొట్టుకుంది. ఎవరో పరిగెత్తుకెళ్లి తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టారు. నేను పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆయమ్మ చేత ఫోన్‌లో వీడియో తీయించాను. విశాఖలో న్యూరాలజిస్టు (మెదడు, నరాల డాక్టరు) ఆ వీడియోను మూడుసార్లు చూశారు. ఏ చెయ్యి ముందు బిగుసుకుంది, కళ్లు ఎటు తిరిగాయి, ఎంతసేపటికి తెలివి వచ్చింది అని అడిగారు. స్కానింగు, ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష) చేయించి, మాత్రలు రాసి, నెలకోసారి రమ్మన్నారు.

వాళ్ల నాన్న కాఫీ తోటల్లో కూలికి పోతాడు. నర్సీపట్నం మీదుగా రానూపోనూ సుమారు 260 కిలోమీటర్లు, ఇద్దరి బస్సు చార్జీలు, రెండు రోజుల కూలి. రెండు నెలలు తిరిగారు. వానలు మొదలయ్యాక మానేశారు. ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెడుతుందని వాళ్లకు అర్థమయ్యేలా చెప్పినవాళ్లు లేరు. సెలవులకు ఇంటికెళ్లిన పిల్లకు పొయ్యి దగ్గర ఫిట్స్ వచ్చింది. ఎడమ చెయ్యి మణికట్టు దాకా కాలింది. ఇప్పుడు ఆ వేళ్లు సరిగా ముడుచుకోవు. రాసేటప్పుడు నోటుబుక్కు జారకుండా మోచేత్తో అదిమి పట్టుకుంటుంది. అది చూసినప్పుడల్లా నాకు పాఠం మీద మనసు నిలవదు.

అయ్యా, ఆ రెండు నెలలూ డాక్టరు గారు చేసింది ఫిట్స్ మళ్లీ వచ్చాయా, మత్తుగా ఉంటోందా అని అడిగి డోసు సరిచేయడమే. ఆ పని మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో వీడియో కాల్‌లో జరిగిపోయేది.

దూరంలో ఉన్న డాక్టరుతో వీడియో కాల్‌లో మాట్లాడించే ప్రభుత్వ సేవ ఈ-సంజీవని 2019 నుంచి ఉంది. దాన్నే కాస్త గట్టిగా వాడమంటున్నాను. వారంలో ఒక రోజు మూర్ఛ రోగులకని కేటాయించండి. అవతల వీలైనంత వరకు అదే న్యూరాలజిస్టు ఉండాలి, ఇవతల మా పీహెచ్‌సీ డాక్టరు రోగి పక్కన కూర్చోవాలి. రాసిన మాత్రలు అక్కడే చేతికివ్వాలి. మాత్రలు లేకపోతే వీడియో కాల్ ఎందుకూ కొరగాదు. ఏ మాత్ర అన్నది నిపుణులే తేల్చాలి. వాల్‌ప్రోయేట్ లాంటిది గర్భంలో బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి ఆడపిల్లలకు రాసే ముందు ఎంతో ఆలోచిస్తారు.

పక్షవాతం సంగతి ఇంకా తొందర. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి, అంతకుముందు సీటీ స్కాన్ కావాలి. కొండలే ఉన్న హిమాచల్ ప్రదేశ్‌లో 2014లోనే సీటీ ఉన్న ప్రభుత్వాసుపత్రుల డాక్టర్లు ఫోన్‌లో న్యూరాలజిస్టును సంప్రదించి ఆ ఇంజెక్షన్ ఇవ్వడం మొదలుపెట్టారు. మా జిల్లా కేంద్రం పాడేరులో మనమెందుకు చేయలేం?

మా పిల్ల మళ్లీ మాత్రలు వాడుతోంది. ఈసారి తెచ్చినవి వచ్చే నెల 12తో అయిపోతాయి.

ఇట్లు,
చింతపల్లి ఏజెన్సీ నుంచి ఒక టీచరు