2025 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పిస్తున్నది

గౌరవనీయులైన సభ్యులకు, శాశ్వత సభ్యులకు, కార్యవర్గ మిత్రులకు నమస్కారం.

అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రాంతపు మన తెలుగు సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక వాటిని మళ్లీ ఏకరువు పెట్టను. సంక్రాంతి ముగ్గుల పోటీ, ఉగాది కవిసమ్మేళనం, బాల్విన్‌లోని హిందూ దేవాలయంలో శ్రీరామనవమి పానకం, వడపప్పు పంపిణీ, ఆదివారం తెలుగు బడి తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. వాటికి మీరు వచ్చారు, ఫొటోలూ చూశారు. ఈ నివేదికలో ఎక్కువ చోటు మరో పనికి ఇస్తున్నాను. సెయింట్ లూయిస్ నగరాన్ని పేట పేటగా తిరిగి తెలుసుకోవాలని, అక్కడివారితో పరిచయం పెంచుకోవాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. ఆ తీర్మానం ఎంతవరకు ఆచరణలోకి వచ్చిందో చెప్పడం నా బాధ్యత.

మనలో చాలామంది 270 రహదారికి పడమట, చెస్టర్‌ఫీల్డ్, బాల్విన్, ఎలిస్‌విల్ వైపు స్థిరపడ్డాం. కొందరు మిస్సోరి నది దాటి ఓఫాలన్‌లో ఉంటున్నారు. నగరం అంటే మనకు చుట్టాలు వచ్చినప్పుడు చూపించే ఆర్చ్ అనే పెద్ద ఉక్కు తోరణం, వేసవిలో కార్డినల్స్ జట్టు బేస్‌బాల్ ఆట, ఫారెస్ట్ పార్కులోని జంతుప్రదర్శనశాల. ఆ జంతుప్రదర్శనశాలకూ పక్కనున్న కళా ప్రదర్శనశాలకూ ప్రవేశ రుసుము ఎందుకు లేదో మన సభ్యుల్లో చాలామందికి ఈ ఏడాదే తెలిసింది. 1971లో నగరం, దాన్ని ఆనుకుని ఉన్న సెయింట్ లూయిస్ కౌంటీ (జిల్లా వంటిది) ఓటర్లు కలిసి వాటికోసం ఆస్తి పన్ను కట్టడానికి ఒప్పుకున్నారు. నగరంలోనో ఆ కౌంటీలోనో ఇల్లున్న ప్రతి సభ్యుడూ ఆ పన్ను కడుతున్నాడు. అంటే ఈ నగరంతో మన బంధం ఎప్పుడో మొదలైంది, మనమే పట్టించుకోలేదు.

అధికారికంగా 79 పేటలున్న ఊరు ఇది. 1876లో కౌంటీ నుంచి విడిపోయింది. 1950లో 8,56,796 మంది ఉన్న జనాభా 2020 నాటికి 3,01,578కి తగ్గింది. ఇంతమంది వెళ్లిపోయినా, ఉన్నవారికి తమ పేట మీద అభిమానం తగ్గలేదు. ఎక్కడ ఉంటారని అడిగితే నగరం పేరు చెప్పరు. సులార్డ్ అంటారు, డచ్‌టౌన్ అంటారు, ద హిల్ అంటారు, ద విల్ అంటారు.

తొలి నడక సులార్డ్‌లో. 1929లో కట్టిన అక్కడి సంత భవనాన్ని చూసి, కూరగాయలు కొనుక్కుని, ఆ చుట్టుపక్కల ఎర్ర ఇటుక ఇళ్ల మధ్య తిరిగాం. ఈ ఊళ్లో ఇన్ని ఇటుక ఇళ్లు ఎందుకున్నాయని పిల్లలు అడిగారు. 1849 మే నెలలో వైట్ క్లౌడ్ అనే ఆవిరి పడవలో పుట్టిన మంట రేవునంతా చుట్టేసింది. 23 పడవలు, 430 భవనాలు కాలిపోయాయి. ఆ తర్వాత కొత్త కట్టడాలు ఇటుకతోనో రాతితోనో ఉండాలని నగరం చట్టం చేసింది. ఇటుకకు కావలసిన మట్టి ఊరి కిందే ఉంది. అందుకే పేదవాడి రెండు గదుల ఇంటికి కూడా ఇక్కడ పనితనమున్న ఇటుక గోడ కనిపిస్తుంది.

రెండో నడక ద హిల్‌కు. ఈ పేటలో నీటి హైడ్రెంట్లకు కూడా ఇటలీ జెండా రంగులు వేసి ఉంటాయి. బంకమట్టి గనుల్లో పనికి లంబార్డీ నుంచి వచ్చినవారితో ఈ పేట పెరిగింది, తర్వాత సిసిలీ వారు వచ్చారు. బేస్‌బాల్ చరిత్రలో పెద్దపేరైన యోగి బెర్రా, జో గరాజియోలా ఇద్దరూ ఎలిజబెత్ అవెన్యూలో ఎదురెదురు ఇళ్లలో పెరిగారు. సెయింట్ ఆంబ్రోజ్ చర్చి ముందు మూటాముల్లె, చంకలో బిడ్డతో నిలబడ్డ వలస కుటుంబం విగ్రహం ఉంది. మన పెద్దవాళ్లు దాని ముందు చాలాసేపు నిలబడిపోయారు.

ఆ వీధిలోనే తన వాకిట్లో పూలకుండీలకు నీళ్లు పోస్తున్న ఒక పెద్దావిడ మమ్మల్ని ఆపి పలకరించారు. సెయింట్ లూయిస్ వారు కొత్తవారిని ముందుగా ఏం అడుగుతారో మీకు తెలుసు. ఉద్యోగం గురించి కాదు, ఏ హైస్కూల్లో చదివారని. ఆ ఒక్క జవాబుతో మీ పేట, మీ మతం, మీ ఇంటి పరిస్థితి అంచనా వేసుకుంటారు. ఆవిడా అదే అడిగారు. మన సీనియర్ సభ్యులొకరు ఏమాత్రం తడుముకోకుండా "జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, తణుకు" అన్నారు. ఆవిడ నీళ్ల గొట్టం కింద పెట్టి, ఆ బడి ఏ పేటలో ఉంది, ఎదురుగా ఏముంది, ఇప్పటికీ నడుస్తోందా అని వరసగా అడిగారు. ఆయన గోస్తనీ గురించి, వేపచెట్టు కింద ప్రార్థన గురించి, లెక్కల మాస్టారి గురించి చెప్పారు. ఆవిడ తన బడి గురించి చెప్పారు. మనవాళ్లు ఇరవై ఏళ్లుగా తప్పించుకు తిరుగుతున్న ప్రశ్నకు ఇంత మంచి జవాబు మన దగ్గరే ఉందని నాకు అప్పుడు అనిపించింది. పిల్లలు మాత్రం ద హిల్ పేరు చెబితే వేయించిన రవియోలీనే గుర్తు చేసుకుంటున్నారు. లోపల కారం పెట్టిన కజ్జికాయలా ఉందని తేల్చారు.

బీవోలో మూడో నడక. 1990లలో యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చిన బాస్నియా కుటుంబాలు ఆ పేటకు మళ్లీ ప్రాణం పోశాయి. గ్రావోయ్ అవెన్యూ మీద, తమ రాజధాని సరయెవోలో ఉన్నటువంటి సెబిల్ అనే మంచినీటి మండపం కట్టుకున్నారు. కాఫీ చిక్కగా, చాలా బాగుంది.

ఇక మే 16. శుక్రవారం మధ్యాహ్నం టోర్నడో క్లేటన్ వైపు నుంచి ఫారెస్ట్ పార్కు మీదుగా నగరం ఉత్తర భాగాన్ని చీల్చుకుంటూ పోయింది. అయిదు దాకా ఉండే టోర్నడో కొలమానంలో తీవ్రత ఈఎఫ్-3. ప్రాణాలు పోయాయి. వేల ఇళ్లు దెబ్బతిన్నాయి. పార్కులో మనం వనభోజనాలు చేసుకునే చోట మహావృక్షాలు వేళ్లతో సహా లేచిపోయాయి. ద విల్, ఫౌంటెన్ పార్క్ వంటి పేటల్లో ఇటుక గోడల బయటి వరస ఊడి, లోపలి గదులు వీధికి తెరుచుకున్నాయి. అంతకుముందే ఖాళీ ఇళ్లతో, అందని బీమాలతో సతమతమవుతున్న పేటలవి.

మూడో రోజు నుంచే మన సంఘం తరఫున అక్కడి స్థానికులు నడుపుతున్న సహాయ కేంద్రాలకు నీళ్లు, టార్పాలిన్లు, డయపర్లు, పులిహోర పొట్లాలు చేరవేశాం. తర్వాత శనివారాల్లో ఇటుకలు ఏరి పేర్చే పనికి వెళ్లాం. సెయింట్ లూయిస్ పాత ఇటుకకు దక్షిణ రాష్ట్రాల్లో గిరాకీ ఉంది. కూలిన ఇంటి ముందు కుప్ప వదిలేస్తే రాత్రికి రాత్రి ట్రక్కు వస్తుంది. తాతగారు కొన్న ఇంటి ఇటుకలు తన కళ్లముందు పోకూడదని అక్కడి పెద్దాయన ఒకరు రోజంతా మెట్ల మీదే కూర్చుని కాపలా కాస్తున్నారు.

పెద్దాపురం నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక బాబాయిగారు అలాంటి ఒక శనివారం మాతో ఉన్నారు. ఊళ్లో నలభై ఏళ్లు తాపీమేస్త్రిగా పనిచేసిన మనిషి. యువకులు ఇటుకను సుత్తితో కొడుతుంటే ఆపమని, ఒక ఇటుకను ఎడమ అరచేతిలో పెట్టుకుని తాపీ అంచుతో పక్కలమీద తట్టారు. గట్టిపడిన పొర పొడిగా రాలిపోయింది, ఇటుక అంచు కూడా చెదరలేదు. "ఇది సున్నం. సిమెంటు అయితే ఇటుకే విరిగేది. ఈ గోడ మళ్లీ కట్టుకోవచ్చు" అన్నారు. కొడుకు ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే మెట్ల మీది పెద్దాయన లేచి వచ్చి బాబాయిగారి చెయ్యి పట్టుకున్నారు. సాయంత్రానికి మన తెలుగు బడి పిల్లలందరికీ ఆ తట్టడం వచ్చేసింది. బాబాయిగారు తిరుగు ప్రయాణం వాయిదా వేసుకుని మళ్లీ మళ్లీ వచ్చారు. ఆయనకు ఈ సభ తరఫున శాలువా పంపాలని ప్రతిపాదిస్తున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. టోర్నడో వార్త రాగానే మన వాట్సాప్ బృందంలో సానుభూతి సందేశాలు వందల్లో వచ్చాయి. శనివారం ఉదయం దేవాలయం ముందు బండెక్కినవారు రెండు వ్యాన్లకు సరిపోయారు. వస్తామని పేరిచ్చి రానివారు వచ్చినవారికంటే ఎక్కువ. దసరా భోజనాల దగ్గర నిలుచున్న వరస చూసినప్పుడు నాకు ఆ రెండు వ్యాన్లు గుర్తొచ్చి బాధ కలిగింది. ఆరోగ్యం బాగోలేనివారిని, చంటిపిల్లల తల్లులను అనడం లేదు. మిగిలినవారు ఆలోచించాలి.

అధికారుల సంగతీ అంతే. శిథిలాల తొలగింపు గురించి మేం ఫోన్ చేసిన కార్యాలయం ఒకటి మరో కార్యాలయానికి, అది మొదటిదానికి పంపింది. మన సభ్యులకే ఇంత విసుగు పుడితే, ఇల్లు కూలినవారి ఓపికకు దండం పెట్టాలి.

ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో నేను గర్వంగా చెప్పుకునేది అక్టోబరులో, మేం ఇటుకలు ఏరిన వీధిలోనే జరిగిన సహపంక్తి భోజనం. వీధిని ఒక పూట మూసేందుకు అనుమతి కోసం వేసవి అంతా తిరగవలసి వచ్చింది, చివరి వారంలో గాని కాగితం చేతికి రాలేదు. కానీ ఆ ఆదివారం ఉదయం తారు రోడ్డు మీద ముగ్గు పడింది. మన వంటబృందం పులిహోర, గుత్తివంకాయ, దద్దోజనం, బొబ్బట్లు తెచ్చింది. ఆ వీధివారు ఆకుకూరలు, వేయించిన చేప, చిలగడదుంపతో చేసే 'పై' అనే తీపి వంటకం, గూయీ బటర్ కేకు తెచ్చారు. శాకాహారం బల్ల విడిగా పెట్టమని మేం అడగకముందే వాళ్లే పెట్టి, పైన కాగితం అంటించారు.

అక్కడ హైస్కూలు ప్రశ్న ఎవరూ అడగక ముందే ఒక అత్తగారి వయసు మహిళ "సమ్నర్" అని తన బడి పేరు చెప్పారు. 1875లో మొదలైన సమ్నర్ మిసిసిపీ నదికి పడమట నల్లజాతి విద్యార్థులకు తొలి హైస్కూలు. గాయకులు చక్ బెర్రీ, టీనా టర్నర్, టెన్నిస్ ఆటగాడు ఆర్థర్ ఆష్ చదివిన బడి. టోర్నడోకు ఆ భవనమూ దెబ్బతింది. ఆవిడ పుట్టింది హోమర్ జి. ఫిలిప్స్ ఆసుపత్రిలో. 1937 నుంచి 1979 దాకా నడిచిన ఆ ఆసుపత్రిలోనే దేశంలోని ఎందరో నల్లజాతి వైద్యులు, నర్సులు శిక్షణ పొందారు. భోజనాలయ్యాక ఆవిడే మమ్మల్ని లబాడీ అవెన్యూలో 4600 నంబరు ఇంటికి నడిపించుకు వెళ్లారు. 1945లో నల్లజాతికి చెందిన షెల్లీ దంపతులు ఆ ఇల్లు కొన్నప్పుడు, నల్లజాతివారికీ మంగోలియన్ జాతివారికీ ఆ వీధిలో చోటు లేదన్న పాత ఒప్పందం చూపి ఇతర ఇళ్ల యజమానులు వారిని కోర్టుకు ఈడ్చారు. 1948లో సుప్రీంకోర్టు అటువంటి ఒప్పందాలను కోర్టులు అమలు చేయరాదని తీర్పు ఇచ్చింది. ఈ రోజు మనం చెస్టర్‌ఫీల్డ్‌లో ఇల్లు కొంటున్నప్పుడు జాతి చూపి మనల్ని అడ్డుకునే ఒప్పందం మన ముందు పెట్టడం లేదంటే దాని వెనుక ఈ ఇల్లు ఉంది. తీర్మానాన్ని గత ఏడాది వ్యతిరేకించిన సభ్యులు, నగరంతో మనకు పనేమిటని అడిగిన సభ్యులు, వీలు చూసుకుని ఆ ఇంటి ముందు ఒక్కసారి నిలబడాలని కోరుతున్నాను.

అదే నెలాఖరున హాలోవీన్. ఈ ఊరి ఆచారం ప్రకారం పిల్లలు మిఠాయి అడిగేముందు ఒక జోకు చెప్పాలి. మన సభ్యుల ఇంట ఒక అమ్మమ్మగారు గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతి పిల్లవాడినీ తిరిగి పొడుపుకథ అడిగారు. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు." మనవరాలు అనువదించింది. కళ్లరెప్పలని చెప్పినవాడికి రెండు చాక్లెట్లు. ఆ వీధి పిల్లలు మళ్లీ ఏడాది కూడా ఆవిడ ఉంటారా అని అడుగుతున్నారు. ఇది సంఘం కార్యక్రమం కాకపోయినా నివేదికలో ఉండవలసిందేనని కార్యవర్గం భావించింది.

కృతజ్ఞతలు. తెల్లవారుజామున లేచి బొబ్బట్లు చేసిన అక్కయ్యలకు, గిన్నెలు తోమిన అన్నయ్యలకు, వ్యాన్లు నడిపిన యువకులకు, వ్యాన్లు ఇచ్చిన ఇద్దరు వ్యాపారస్తులకు, వేదిక ఇచ్చిన దేవాలయ కమిటీకి, నడకల దారులు ముందే చూసి వచ్చిన విశ్రాంత ఇంజనీరు గారికి, ఫొటోలు తీసిన దంపతులకు, తెలుగు బడి గురువులకు, శనివారం సాకర్ ఆట వదులుకుని ఇటుకలు మోసిన పిల్లలకు, వారిని పంపిన తల్లిదండ్రులకు, మాకు నీడా నీళ్లూ ఇచ్చిన ఆ వీధివారికి సంఘం రుణపడి ఉంది. పేర్లన్నీ సభలో చదువుతాను, దయచేసి అంతవరకు కూర్చోండి.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంపారు. ఆడిట్ అయింది. టోర్నడో సహాయ నిధి ఖాతాను సాధారణ నిధితో కలపలేదు. సందేహాలుంటే వారిని అడగవచ్చు.

రాబోయే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదనలు ఇవి. ద విల్‌లో ఇళ్ల మరమ్మతులు ఇంకా చాలా మిగిలి ఉన్నాయి కనుక నెలకొక శనివారం అక్కడి పనిని కొనసాగించాలి. వసంతంలో నగరం జరిపే శుభ్రతా కార్యక్రమంలో మన సంఘం ఒక వీధి బాధ్యత తీసుకోవాలి. డచ్‌టౌన్, సౌత్ గ్రాండ్ నడకలు వేయాలి. సహపంక్తి భోజనం మళ్లీ అదే వీధిలో జరగాలి, అనుమతి దరఖాస్తు ఈసారి మార్చిలోనే ఇస్తాం. వీటికి సమన్వయకర్తలు కావాలి. నాలుగు స్థానాలు ఖాళీగా ఉన్నాయి. సభ ముగిశాక తలుపు దగ్గర బల్ల మీద పుస్తకం ఉంటుంది. పేరు రాసేవారు ఏ శనివారం వస్తారో తేదీ కూడా వేయాలి.

ఇట్లు
కార్యదర్శి