పూల్ మోటారు దగ్గర కారడం ఆగింది, నాయనా

చాండ్లర్, అరిజోనా
జూన్ నెల

నాయనకు, అమ్మకు నమస్కారాలు.

మేమంతా బాగున్నాం. ఫోన్లో నీకు మాట సరిగ్గా వినపడక, నేను చెప్పేది ఒకటైతే నువ్వు వినేది ఇంకొకటి అవుతోందని ఈ ఉత్తరం రాస్తున్నాను. చిన్నాన్న కొడుకు ప్రింటు తీసి ఇస్తానన్నాడు. నిదానంగా చదువుకో, అమ్మకూ చదివి వినిపించు.

మొన్న నేను మోటారు దగ్గర నీళ్ళు కారుతున్నాయంటే ఇల్లంతా నీళ్ళు నిండాయేమో అనుకుని నువ్వు రాత్రంతా నిద్రపోలేదట. అమ్మ చెప్పింది. ఇంట్లోకి చుక్క నీరు రాలేదు నాయనా. పెరట్లో స్విమ్మింగ్ పూల్ మోటారు నుంచి పైకి లేచే పైపు ఉంది కదా, వీడియోలో చూపించాను, దాని మొదట్లో మర తిప్పి బిగించే అతుకు దగ్గర బొట్టుబొట్టుగా కారేది. ఇప్పుడు ఆగిపోయింది. నేనే బాగుచేశాను. మీ అల్లుడు ప్రాజెక్టు పని మీద డాలస్ వెళ్ళారు, నెలాఖరుకు వస్తారు. ఆయన వచ్చేదాకా ఆగుదామంటే నా మనసు ఒప్పుకోలేదు. నీళ్ళు ఊరికే పోతుంటే చూస్తూ కూర్చునే ఇంట్లో పెరగలేదు కదా నేను.

నువ్వు మొదట అడిగేది నాకు తెలుసు. లాగే వైపా, తోసే వైపా? తోసే వైపే. లాగే వైపు పోయి ఉంటే నీళ్ళు బయటికి రావు, గాలి లోపలికి పోతుంది. మన పాత బావి మీద మోటారు అలాగే కదా మాటిమాటికీ నీళ్ళు వదిలేసేది, నువ్వు బిందెలతో నీళ్ళు పోసి మళ్ళీ ఎక్కించేవాడివి. ఇక్కడ మోటారు ముందు చెత్త పట్టే బుట్ట ఉంటుంది, దాని మూత అద్దంలా ఉంటుంది. మోటారు తిరుగుతుంటే అందులో ఒక్క బుడగ కూడా కనపడలేదు. మోటారు ఆపితే కాసేపటికి కారడం ఆగిపోయేది. మోటారు ఇరుసు చుట్టూ నీళ్ళు ఆపే షాఫ్టు సీలు పోయిందేమోనని మోటారు కింద పాత గుడ్డ పరిచి చూశాను, అది పొడిగానే ఉంది. ఇక్కడి నీళ్ళు మన బోరు నీళ్ళలాగే ఉప్పు పట్టే రకం. అతుకు చుట్టూ తెల్లగా సుద్దలా పేరుకుని ఉంది. దాన్ని గీకితే ఆ మరల సందులోంచే చెమ్మ వస్తోందని తేలిపోయింది.

పూల్ గోడ పగిలిందేమో చూడమని చిన్నాన్న అన్నాడట. అదీ చూశాను. మోటారు ఆపేసి, బకెట్లో నీళ్ళు పోసి పూల్ మెట్టు మీద పెట్టి, బకెట్ లోపల నీళ్ళెంత వరకు ఉన్నాయో, పూల్లో ఎంత వరకు ఉన్నాయో గుర్తు పెట్టాను. ఒక రోజు గడిచాక రెండూ ఒక్కలాగే తగ్గాయి. అంటే అది ఎండకు పోయినదే. ఈ నెలలో ఇక్కడ పావంగుళం నుంచి అరంగుళం దాకా ఒక్క రోజులో ఆవిరైపోతుంది.

అమ్మా, ఎండ సంగతి నువ్వు అడుగుతూనే ఉంటావు. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది, ఆ వార్త టీవీలో చూసినప్పటి నుంచి నీకు భయం. మేము పగలు బయటికి పోము. బాబు స్కూలు కూడా సెలవులే. మజ్జిగ రోజూ చేస్తున్నాను. నువ్వు పంపిన ఊరమిరపకాయలు వాడికి కారం, నాకే సరిపోతున్నాయి.

పూల్ రిపేర్లు చేసే ఒకాయన వచ్చి చూసి, పంపు మొత్తం మార్చాలి, వెయ్యి డాలర్ల పైమాటే అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. పంపు బాగా లాగుతోంది, బాగా తోస్తోంది, చప్పుడు లేదు. అతుకు కోసం పంపు ఎందుకు మార్చాలి? నువ్వేమో సైకిల్ ట్యూబు కట్టి పైన ఎంసీల్ పెట్టమన్నావు. వద్దనుకున్నాను నాయనా, తప్పుగా అనుకోకు. లోపలి నుంచి తోస్తున్న నీళ్ళకు పైన పూసిన ముద్ద ఎక్కువ కాలం నిలవదు. అక్కడి ప్లాస్టిక్ మరలు వేడికి కుంచించుకుపోయాయి. మాకంటే ముందున్న వాళ్ళ కాలంలో ఎప్పుడో నీళ్ళు లేకుండా మోటారు తిరిగి ఉంటుంది. ఆ ముక్క తీసేసి కొత్తది వేయడమే సరైన పని.

ఎండెక్కాక పైపులు అతికించే సొల్యూషన్ రాస్తే పైపు దూర్చేలోపే ఆరిపోతుంది. అందుకని తెల్లవారక ముందే మొదలుపెట్టాను. ముందు బ్రేకర్ ఆపాను. ఫిల్టరు నెత్తిన గాలి వదిలే చిన్న ట్యాపు ఉంటుంది, అది తిప్పి లోపలి ప్రెషర్ అంతా వదిలేశాను. అది వదలకుండా ఫిల్టరు బిగింపు విప్పితే మూత ఎగిరి మనిషికి తగులుతుంది. తర్వాత వాల్వులు మూసి, పైపును ఆక్సా బ్లేడుతో తిన్నగా కోసి, అంచులు గరుకు కాగితంతో రుద్దాను. కొత్త ఎంటీఏకు, అదే పంపు నోట్లో తిప్పి బిగించే మరల ముక్కకు, టెఫ్లాన్ టేపు మర తిరిగే వైపే చుట్టి చేత్తో బిగించి, పానాతో ఇంకొంచెం మాత్రమే తిప్పాను. గట్టిగా బిగిస్తే పంపు నోరే చీలుతుంది, అదీ ప్లాస్టిక్కే. పైన ఈసారి చేత్తో విప్పి బిగించుకునే అతుకు, యూనియన్ వేశాను, మళ్ళీ పంపు విప్పాల్సి వచ్చినా పైపు కోయనక్కర లేదు. దాని రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు రాశాను. వాజలీన్ రాస్తే రబ్బరు ఉబ్బిపోతుందట.

అతికించడం నీకు చెప్పాలా? ఊదారంగు ప్రైమర్, దాని మీద సొల్యూషన్, పైపుకూ కాలరుకూ రెండింటికీ. పావు చుట్టు తిప్పుతూ లోపలిదాకా దూర్చి అరనిమిషం వదలకుండా పట్టుకున్నాను. బావి దగ్గర నువ్వు గొంతు చించుకుని “వదలొద్దు, వెనక్కి తోస్తుంది, పట్టుకో” అని అరిచేవాడివి. అప్పుడు అక్క, నేను నీ మీద కోపం తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు పైపు నిజంగానే వెనక్కి తోస్తుంటే నీ మాట చెవిలో వినపడినట్టే ఉంది. మరుసటి రోజు పొద్దున దాకా మోటారు వేయలేదు. వేసేముందు బుట్ట నిండా నీళ్ళు పోసి మూత పెట్టాను. ఎక్కింది. అతుకు కింద పరిచిన కాగితం ఇప్పటికీ పొడిగానే ఉంది.

ఎడారిలో ఇన్ని నీళ్ళు నిలబెట్టుకోవడం ఎందుకని నువ్వు ఇల్లు కొన్నప్పుడే అన్నావు. ఆ మాట నాకు గుచ్చుకుంది, ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఇల్లు పూల్‌తోనే వచ్చింది నాయనా, స్కూలు దగ్గరని కొన్నాం. ఇక్కడికి వచ్చే నీళ్ళలో కొన్ని కొలరాడో నదివి. ఎడారి మీదుగా 540 కిలోమీటర్ల కాలువ, దారిలో పంపులతో ఎత్తిపోస్తారు. మన హంద్రీ-నీవా కాలువ నీళ్ళ కోసం నువ్వు ఎన్నేళ్ళు ఎదురు చూశావో నాకు తెలుసు. అందుకే ఒక్క అతుకు కారినా నాకు నిద్ర పట్టదు.

బాబు గురించి భయపడకండి. పూల్ చుట్టూ ఐదడుగుల కంచె ఉంది, గేటు తనంతట తానే మూసుకుంటుంది, గొళ్ళెం వాడికి అందదు. ఆరేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో ఇక్కడ చట్టమే అది. అయినా నేను లేకుండా వాణ్ణి ఆ వైపు పోనివ్వను. ఈత నేర్పిస్తున్నాం.

ఆఫీసు పని మామూలే.

టమాటా ఈసారి ఎంత పలికింది? మదనపల్లె మార్కెట్ ధర ఫోన్లో చూస్తూనే ఉంటాను కానీ, నీ చేతికి వచ్చింది ఎంతో నువ్వు చెప్పవు. అమ్మ మోకాలికి ఆ తైలం ఆపేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. డబ్బు గురించి ఆలోచించొద్దు.

ఇంకొకటి. దీని కోసమే అసలు ఇంత రాసింది. ఇక్కడ పూల్ మోటారుకు కరెంటు కొంచెం లీకైనా టక్కున పడిపోయే బ్రేకర్ ఉంది. నేను తడి నేల మీద నిలబడి పని చేస్తున్నంతసేపూ నువ్వే గుర్తొచ్చావు. నువ్వు బురద కాళ్ళతో, తడి చేతులతో ఆ తుప్పు పట్టిన స్టార్టరు పెట్టె తెరుస్తావు. ఇన్నేళ్ళు ఏమీ కాలేదంటావు. నాకు ఆ మాట వద్దు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగు కొత్తగా వేయించు, బొగ్గూ ఉప్పూ వేసి, ఎండాకాలంలో ఆ గుంతలో నీళ్ళు పోయించు. మన మోటారు త్రీఫేజు, దానికి సరిపడే ఆర్‌సీసీబీ, అంటే ఇలా లీకైతే పడిపోయే బ్రేకరే, షాపులో అడిగి తెమ్మను. డబ్బు చిన్నాన్న కొడుక్కి ఈ రోజే పంపాను, వాపసు ఇస్తే ఊరుకోను. అది బిగించేదాకా స్టార్టరు నువ్వు ముట్టుకోవద్దు, వాణ్ణే వేయమను. అయ్యాక పెట్టె తెరిచి ఫోటో తీసి పంపమని చెప్పు, నేను చూడాలి.

మీ చిన్న కూతురు