బీటా కణాలపై వేల పరీక్షలు: ఫలితాన్ని ఎలా చదవాలి?

సంపాదకులకు,

టైప్-1 మధుమేహానికి కారణమయ్యే రసాయనాల కోసం ప్రయోగశాలల్లో యంత్రాలతో వేల పరీక్షలు ఒకేసారి జరుపుతున్న తీరుపై మీ విజ్ఞాన పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. మంచి విషయం ఎంచుకున్నారు. అయితే ఫలానా రసాయనం పరీక్ష పలకలో బీటా కణాలను, అంటే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను, చంపింది కాబట్టి జబ్బుకు కారణం దొరికినట్టే అన్న ధోరణిలో వ్యాసం ముగిసింది. జీవరసాయన శాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిగా దీనిపై కొన్ని మాటలు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

వెతుకులాట అవసరమే, సందేహం లేదు. ఒకే జన్యువులు పంచుకుని పుట్టిన కవలల్లో ఒకరికి ఈ జబ్బు వచ్చినా, రెండోవారు ఏళ్ల తరబడి ఆరోగ్యంగా ఉండిపోవడం అరుదు కాదు. పిల్లల్లో ఈ జబ్బు ప్రపంచంలోకెల్లా ఎక్కువగా కనిపించే ఫిన్లాండ్‌తో పోలిస్తే, సరిహద్దు దాటగానే ఉన్న రష్యన్ కరేలియాలో, జన్యుపరంగా పెద్ద తేడా లేకపోయినా, అది దాదాపు ఆరో వంతు మాత్రమే ఉన్నట్టు పరిశోధకులు గుర్తించారు. ఈ తేడా పరిసరాల్లోంచి రావలసిందే.

రసాయనాలను అనుమానించడానికీ గట్టి ఆధారమే ఉంది. 1970లలో అమెరికాలో వేకర్ అనే ఎలుకల మందు అమ్మేవారు. దాన్ని మింగి బతికి బయటపడ్డవారిలో కొందరికి, అంతకుముందు చక్కెర జబ్బు ఆనవాలే లేకపోయినా, ఇన్సులిన్ లేనిదే గడవని పరిస్థితి వచ్చింది. 1979లో ఆ మందును మార్కెట్ నుంచి తొలగించారు. ప్రయోగశాల ఎలుకల్లో మధుమేహం తెప్పించడానికి దశాబ్దాలుగా వాడుతున్న స్ట్రెప్టోజోటోసిన్ సంగతి ఇంకా ఆసక్తికరం. గ్లూకోజ్‌ను పోలిన ఆ అణువు గ్లూట్-2 అనే ద్వారం గుండా బీటా కణంలోకి దూరి దాన్ని నాశనం చేస్తుంది. మనిషి బీటా కణాలపై ఆ ద్వారాలు తక్కువ కాబట్టి అవి దాన్ని చాలావరకు తట్టుకుంటాయి. ఎలుక కణాలతో పరీక్షించి మనిషికి తీర్పు చెప్పడంలోని ప్రమాదం ఈ ఒక్క ఉదాహరణలోనే తెలుస్తుంది.

రసాయనాల విషప్రభావాన్ని యంత్రాలతో పరీక్షించడానికి అమెరికా ప్రభుత్వ సంస్థలు 2008లో మొదలుపెట్టిన టాక్స్21 కార్యక్రమంలో సుమారు 10,000 రసాయనాలను పరీక్షకు పెట్టారు. అరచేతిలో ఇమిడే ఒక పలకలో 1,536 గుంటలు ఉంటాయి. ఒక్కో గుంటలో పట్టేది కొన్ని మైక్రోలీటర్ల ద్రవం, అంటే కన్నీటి చుక్క కంటే తక్కువ. మర చేయి ఆ గుంటల్లో రసాయనాన్ని రకరకాల గాఢతల్లో చిలకరిస్తుంది, కణాలు ఎలా స్పందించాయో వెలుగు రూపంలో మరో యంత్రం చదువుతుంది. మనుషులు చేత్తో చేస్తే ఏళ్లు పట్టే పని ఇది, ఆ వేగాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

చిక్కంతా ఆ గుంటలో లేనివాటితోనే. టైప్-1 మధుమేహం బీటా కణం విషం తిని చచ్చిపోయే జబ్బు కాదు. శరీరపు రక్షణ కణాలే దాన్ని శత్రువుగా పొరబడి, నెలలూ ఏళ్లూ తరిమి చంపే జబ్బు. ఒకే రకం కణాలను ఒకటి రెండు రోజులు రసాయనంలో ఉంచే పరీక్షలో ఆ పొరపాటు పుట్టే చోటే లేదు. కణాన్ని చంపని మోతాదులోనే ఒక రసాయనం దాన్ని ఒత్తిడికి గురిచేసి, రక్షణ కణాలకు గురుతు పట్టించే హెచ్‌ఎల్‌ఏ అణువులను దాని ఉపరితలంపై పెంచిందనుకోండి. చావును మాత్రమే లెక్కించే పరీక్షలో అది నిర్దోషిగా బయటపడుతుంది. కాబట్టి మనిషి మూలకణాల నుంచి తయారుచేసిన బీటా కణాలను, వాటిపై దాడి చేసే టీ కణాలనే రక్షణ కణాలతో కలిపి పెంచి, చావుతో పాటు ఈ గురుతులనూ కొలిచే పరీక్షలకు డబ్బు వెచ్చించాలని నా అభిప్రాయం. అవి నెమ్మదిగా సాగుతాయి, ఖర్చూ ఎక్కువే. అయినా సరే.

రెండో సగం పని పిల్లల వైపు నుంచి జరగాలి. పిల్లల్లో ఈ జబ్బుకు పరిసరాల్లోని కారణాలను వెతికే టెడ్డీ అధ్యయనంలో అమెరికా, ఫిన్లాండ్, జర్మనీ, స్వీడన్‌లలో 4 లక్షలకు పైగా నవజాత శిశువులను పరీక్షించి, జన్యుపరంగా ముప్పు ఎక్కువున్న 8,676 మందిని ఎంచుకుని, పసితనం నుంచీ వారి రక్తం, మలం నమూనాలను క్రమం తప్పకుండా దాచారు. వాటిలోని వైరస్‌ల జన్యుపదార్థాన్ని మూకుమ్మడిగా చదివినప్పుడు, పేగుల్లో పెరిగే ఎంటెరోవైరస్-బి మలంలో ఎక్కువ కాలం కనిపించిన పిల్లల్లో, ఈ జబ్బుకు తొలి సంకేతమైన బీటా కణాలపై యాంటీబాడీలు తలెత్తడం ఎక్కువని 2019లో వెల్లడైంది. వచ్చి పోయిన స్వల్పకాలిక ఇన్ఫెక్షన్లలో ఆ సంబంధం కనిపించలేదు. పలకలో అనుమానితమైన ప్రతి రసాయనాన్నీ ఇలా దాచిన రక్తంలో, యాంటీబాడీలు రావడానికి ముందటి నమూనాల్లో, వెతకాలి.

అనుమానం బలంగా ఉండటం వేరు, రుజువు కావడం వేరు అని ఈ రంగం ఒకసారి చేదుగా నేర్చుకుంది. పసివాళ్ల ఆవుపాల ఫార్ములాలోని ప్రొటీన్లపై ఏళ్ల తరబడి అనుమానం నడిచింది. చివరకు 2,159 మంది పిల్లలపై జరిగిన ట్రిగర్ పరీక్షలో, ఆ ప్రొటీన్లను ముక్కలు చేసిన ఫార్ములా ఇచ్చినా జబ్బు తగ్గలేదని 2018లో తేలింది. ఈలోగా ఎంతమంది తల్లులు తమ వల్లే బిడ్డకు ఇలా జరిగిందని కుమిలిపోయారో!

ఈ అంశంపై మళ్లీ రాసేటప్పుడు పరీక్ష ఏ జీవి కణాలపై జరిగిందో, వాడిన గాఢత మనుషుల రక్తంలో కనిపించే స్థాయికి ఎన్ని రెట్లో కూడా ప్రచురించవలసిందిగా మీ విలేఖరులను కోరుతున్నాను.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు